స్టీరింగ్ లేని సీటు: రెజైనాలో డ్రైవింగ్ నేర్పిన రోజులు

మా అమ్మ నాకు కోటేశ్వరరావు అని పేరు పెట్టింది. కెనడాలో రెజైనా అనే ఊళ్లో నేను పనిచేసిన డ్రైవింగ్ స్కూలు యజమానురాలు డోరీన్ ఆ పేరు విని, "ఇంత పేరు చొక్కా మీద పట్టదు" అంది. "అయితే కోటి అనండి" అన్నాను. ఆవిడకు అది నోరు తిరగలేదు. వారం తిరిగేసరికి నా జేబు మీద ఎర్రదారంతో ఇంగ్లిష్ అక్షరాల్లో కుట్టిన పేరు వచ్చింది: కోడీ. ఇక్కడ మగపిల్లలకు అది మంచి పేరేనట. మన పిల్లలు మాత్రం మొదటిరోజు కారెక్కి ఆ జేబు చూడగానే సీటు బెల్టు వెతుక్కునే నెపంతో అటు తిరిగిపోయేవాళ్లు. భుజాలు మాత్రం ఎగురుతుండేవి. నేనే అనేవాణ్ణి: "నవ్వు బాబూ, నవ్వు. కోడినే. కాకపోతే తెల్లారి ఒకసారి కూసి ఊరుకునే రకం కాదు. క్లాసున్నంతసేపూ కూస్తాను."

నా చదువు సంగతి కూడా ముందే చెప్పేస్తాను. తొమ్మిదో తరగతిలో రెండేళ్లున్నాను. మూడో ఏడు కూడా ఉండేవాణ్ణే గానీ, మా లెక్కల మాస్టారు "వెనక వచ్చేవాళ్లకు బెంచీ కావాల్రా" అన్నారు. అలా బెంచీ ఖాళీ చేసి విజయవాడలో లారీ క్లీనర్‌నయ్యాను. తర్వాత డ్రైవర్‌ని. తర్వాత మస్కట్. తర్వాత కెనడాలో సర్రీ, అక్కడ ట్రక్కు. నడుం మొరాయించాక డాక్టరు లోడ్లు వద్దన్నాడు. మా ఆవిడ చెల్లెలి కుటుంబం రెజైనాలో ఉండబట్టి ఇటు వచ్చాం. అలా బెంచీ ఖాళీ చేసిన మనిషి ఎంటెక్ చదివే పిల్లలకు సార్ అయ్యాడు. మా లెక్కల మాస్టారు చూసుంటే ఈ లెక్క ఎక్కడో తప్పిందనేవారు.

పోయిన చలికాలంలో రిటైరయ్యాను. ఇప్పుడు మన తెలుగు కుర్రాళ్లు కొందరు ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు తీసుకుని ఈ పనిలోకి వస్తున్నారు. "అంకుల్, అసలు పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పండి" అని ఫోన్లు. పని రూల్సు ఆఫీసే చెబుతుంది. అది చెప్పనిదేదో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను. కొత్తగా కెనడా వచ్చే పిల్లలు చదివినా నష్టం లేదు.

పక్క సీటు

డ్రైవర్ ఉద్యోగం వేరు, డ్రైవింగ్ నేర్పే ఉద్యోగం వేరు. మొదటిదాంట్లో బండి మన చేతిలో ఉంటుంది. రెండోదాంట్లో మన ప్రాణం నిన్నగాక మొన్న విమానం దిగిన కుర్రాడి చేతిలో ఉంటుంది. మనకు మిగిలేది కాలికింద ఒక బ్రేకు, నోట్లో ఒక నాలుక.

ఈ పని నాకు నేర్పింది సర్రీలో ఒక సర్దార్జీ. ఆయన స్కూల్లో నేను కొన్నాళ్లు పక్క సీటు పని నేర్చుకున్నాను. మొదట్లో నేను ప్రతిదానికీ బ్రేకు తొక్కేవాణ్ణి. ఎదురుగా పిల్లి కనబడినా తొక్కేవాణ్ణి. ఒకరోజు ఆయన వెనక సీట్లో కూర్చుని అంతా చూసి, దిగాక నన్ను పక్కకు పిలిచాడు.

"కోటీజీ, నువ్వు తొక్కినప్పుడల్లా ఆ పిల్లాడు నేర్చుకునేది ఒకటే. తనకు చేతకాదని. ముందు నోటితో ఆపు. నోటితో ఆగకపోతేనే కాలితో ఆపు."

అప్పటిదాకా నా నోరు నన్ను ఇబ్బందుల్లోకి తోసిందే తప్ప ఎవర్నీ ఆపింది లేదు. ఆయన మాట తర్వాతే దానికీ ఒక ఉద్యోగం దొరికింది. ఆ సర్దార్జీకి నేను ఎంత రుణపడ్డానో ఆయనకు తెలియదు. తెలిస్తే లస్సీ ఇప్పించమంటాడు.

మనవాళ్లు వెంట తెచ్చుకునేవి

నేను రెజైనా వచ్చేసరికి స్టూడెంట్ల వరద మొదలైంది. యూనివర్సిటీ దగ్గర బస్‌స్టాపులో నిలబడితే జగిత్యాల, భీమవరం, కడప ఒకేసారి వినబడేవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఒక్కో హాస్టల్ ఉండేది. డోరీన్ ఆఫీసులో ఫోను తెలుగులో మోగేది. ఇండియా లైసెన్సు చూపిస్తే ఇక్కడి లైసెన్సు చేతిలో పెడతారనుకుని వచ్చినవాళ్లంతా, మళ్లీ రాత పరీక్ష, రోడ్ టెస్ట్ అని తెలిసి మా దగ్గరకే చేరేవాళ్లు.

సూట్‌కేసులో ఊరగాయతో పాటు మనవాళ్లు కొన్ని అలవాట్లు కూడా తెచ్చుకుంటారు. ఇన్‌స్ట్రక్టర్ పని సగం అవి దించడమే.

మొదటిది హారన్. ఇది నేను పెద్దమనిషి తరహాలో చెప్పలేను, ఎందుకంటే కెనడాలో నా మొదటి రోడ్ టెస్టులో నేనే ఫెయిలయ్యాను. లారీ వెనక ‘హారన్ కొట్టుము’ అని రాసుకుని తిరిగిన మనిషిని. ప్రతి మలుపులో కొట్టాను, దారిచ్చినవాళ్లకు థాంక్స్ అని కొట్టాను. ఎగ్జామినర్ చివర్లో ఒకే ప్రశ్న అడిగాడు: "ఎవరి మీద ఇంత కోపం?" ఇక్కడ హారన్ అంటే తిట్టు. ప్రమాదం కళ్లముందు ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

రెండోది నాలుగువైపుల స్టాప్. సిగ్నల్ ఉండదు, పోలీసు ఉండడు, నాలుగు దిక్కులా స్టాప్ బోర్డు మాత్రం ఉంటుంది. ముందు ఆగినవాడు ముందు కదలాలి, ఇద్దరూ ఒకేసారి ఆగితే కుడిచేతి వైపున్నవాడిది మొదటి అవకాశం. అంతే. మనవాళ్లలో సగం మంది అసలు ఆగరు. మిగతా సగం మొహమాటంతో కదలరు. నాలుగు కార్లలోనూ మనవాళ్లే ఉంటే "మీరు పదండి" "అబ్బే, మీరు పదండి" అనుకుంటూ మంచు పడేదాకా అక్కడే ఉంటారు.

మూడోది పోలీసు దగ్గర వినయం. వంశీ అని భీమవరం కుర్రాడు, ఎంటెక్. లైసెన్సున్న స్నేహితుణ్ణి పక్కన పెట్టుకుని నడుపుతుంటే, వెనక లైటు వెలగడం లేదని పోలీసులు ఆపారు. మన దగ్గర ఆపితే ఏం చేస్తాం? దిగి, పరిగెత్తుకెళ్లి, చేతులు కట్టుకుంటాం. వీడు అదే చేశాడు. ఆఫీసర్ "కారులోకి వెళ్లు!" అని అరిచాడు. మర్యాద చాల్లేదేమో అనుకుని వంశీ ఇంకా వేగంగా నడిచాడు. ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "అంకుల్, చేతులు జోడించాక కూడా అంత కోపమెందుకండీ ఆయనకి?" అన్నాడు. "నాయనా, ఇక్కడ మర్యాదంటే కూర్చోవడం. అద్దం దించు, చేతులు స్టీరింగ్ మీద పెట్టు, ఆయనే వస్తాడు" అన్నాను. ఆ తర్వాత ప్రతి క్లాసులో ఇది మొదటి పాఠం చేశాను. ఇది నవ్వుకునే విషయమే గానీ, ఒక్కొక్కసారి నవ్వుతో పోదు.

ఇక కారు ముందు వేలాడే ప్లగ్గు. చూడగానే "ఎలక్ట్రిక్ కారా అంకుల్?" అని అడగనివాళ్లు లేరు. కాదు బాబూ, అది ఇంజనుకు రగ్గు. గట్టి చలిలో రాత్రంతా దాన్ని కరెంటుకు తగిలించకపోతే తెల్లారి ఇంజను లేవదు. చలికాలం టైర్లు వేరే వేయించుకోండి. మలుపు తిరిగే ముందు అద్దాన్ని నమ్మి ఊరుకోకుండా మెడ తిప్పి భుజం మీదుగా చూడండి. ఫెయిలైనవాళ్లంతా మెడ తిప్పకే ఫెయిలయ్యారేమో అనిపిస్తుంది నాకు.

రవళి

ఇన్ని రకాల ఫెయిళ్లు చూసినవాణ్ణి, రవళి దగ్గర మాత్రం ఏమీ అర్థంకాలేదు.

మొదటిరోజు కారెక్కి, అద్దం సర్దుకుని, నా జేబు చదివి, దాచుకోకుండా పకపకా నవ్వింది. అప్పుడే నచ్చింది.

"ఇంతకుముందు ఏమైనా నడిపావా అమ్మా?"

"స్కూటీ నడిపిన అంకుల్. బస్సు ఎక్కిన."

"బస్సు అందరూ ఎక్కుతారు."

"నేను అందరిలెక్క కాదు. మా అమ్మ కండక్టర్. జగిత్యాల ఎర్రబస్సు. బడి లేని రోజు నేను మా అమ్మతోనే డ్యూటీ చేసేదాన్ని. నాకు ఊయల కంటే బస్సే ముందు తెలుసు."

ఇండియాలో బీఫార్మసీ చేసింది. ఇక్కడ పెద్దవాళ్ల సంరక్షణ కోర్సు చదివింది. చదువైపోయి వర్క్ పర్మిట్ మీద ఉంది, దాని గడువూ కరిగిపోతోంది. సరిగ్గా అప్పుడే రెజైనాకు గంటకు పైగా దూరంలో ఉన్న చిన్న ఊళ్లో కేర్ హోమ్ ఉద్యోగం వచ్చింది. మేనేజర్ మంచావిడ. పర్మనెంట్ రెసిడెన్సీకి కావలసిన సాయం చేస్తానంది. షరతు ఒకటే: జాయినయ్యేనాటికి లైసెన్సు ఉండాలి. ఆ ఊరికి బస్సు లేదు, చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను చూసుకోవాలి, అదీ మంచులో. లైసెన్సు వస్తే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే కెనడా. రాకపోతే అన్నీ సర్దుకుని వెళ్లడమే. ఆ అమ్మాయి దీన్ని ఏడుస్తూ చెప్పలేదు. గేరు మార్చినంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు భయం వేసింది.

నేర్చుకోవడంలో మాత్రం బంగారం. నేను "కుడికి తిప్పు" అంటే కుడికి, "ఎడమకి" అంటే ఎడమకి, "ఆపు" అంటే ఆపు. మెడ ఎక్కడ తిప్పాలో అక్కడ తిప్పేది. ఇది మొదటిసారే పాసవుతుందని మా ఆవిడతో కూడా చెప్పాను.

తెలుగులో నేర్పడం నా ప్రత్యేకత. పిల్లలు దానికోసమే వచ్చేవాళ్లు. డోరీన్ మొదట్లోనే అడిగింది: "టెస్టు ఇంగ్లిష్‌లో కదా కోడీ?" నేను పోజుగా జవాబిచ్చాను: "చేతులకు భాష ఉండదు డోరీన్."  ఆవిడ కళ్లజోడు మీదనుంచి ఒకసారి చూసి తన కాగితాల్లో పడింది. ఆవిడ గోధుమ పొలాల్లో పుట్టి, కాళ్లు పెడల్‌కు అందీ అందని వయసులోనే ధాన్యం ట్రక్కు నడిపిన మనిషి. మాట తక్కువ.

రవళి మొదటి టెస్టు ఫెయిలైంది.

కాగితంలో ఏముందంటే, చెప్పిన దారిన వెళ్లలేదు, పార్కు దగ్గర వేగం మించింది. నేను నమ్మలేదు.

"ఏమైందమ్మా?"

"తెల్వది అంకుల్. స్టాప్ కాడ మంచిగ ఆగిన. ఆయన పొమ్మన్నడు, పోయిన. పోతాంటే ఇంకా పొమ్మన్నడు, స్పీడ్ పెంచిన. మళ్ల ఆయనే గట్టిగ అరిచిండు."

"పొమ్మని ఏమన్నాడు?"

"యాదికి లేదు. పొమ్మన్నట్టే అనిపిచ్చింది."

టెన్షన్ అని తేల్చేశాను. పరీక్షరోజు కాఫీ మానేసి పెరుగన్నం తినమన్నాను. అది డ్రైవింగ్ పాఠంలో ఎక్కడుందో నన్నడక్కండి.

హోల్డాన్

రెండో టెస్టు ఇంకా త్వరగా ముగిసింది. మా స్కూలు ఆఫీసుకూ టెస్టు ఆఫీసుకూ పార్కింగ్ ఒకటే. కారు వెళ్లినంత వేగంగా వెనక్కి వచ్చింది. ఎగ్జామినర్ మొదటిసారి వచ్చిన పొడుగాటి మనిషే, పొడిగా మాట్లాడతాడు. దిగి, తలుపు మెల్లగా వేసి, లోపలికి వెళ్లిపోయాడు. రవళి స్టీరింగ్ వదల్లేదు. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

"నడిరోడ్డు మీద ఆపిన అంకుల్. వెనకనుంచి వ్యాన్ గుద్దబోయింది."

"నడిరోడ్డు మీద ఎందుకాపావే?"

"ఆయనే హోల్డాన్ అన్నడు!"

నాకు ఒళ్లు మండింది. "హోల్డాన్ అన్నాక ఆపక ఏం చేస్తావ్? వాడే ఆపమని, వాడే ఫెయిల్ చేస్తాడా? నేను మాట్లాడతా ఉండు."

కోపంగా నేరుగా డోరీన్ దగ్గరకు వెళ్లాను. ఎగ్జామినర్ మీద కంప్లయింట్ పెడదామన్నాను. ఆవిడ అంతా వింది.

"హోల్డాన్ అంటే ఎందుకాపింది?"

"ఆపమంటే ఆపదా?"

"ఆపమనలేదు కదా కోడీ. ఒక్క క్షణం ఉండు, ఏదో చెబుతున్నాను, అన్నాడంతే. నేను ఫోన్లో నీతో హోల్డాన్ అంటే నువ్వు కారు ఆపుతావా?"

"మా దగ్గర హోల్డాన్ అంటే బస్సు ఆగాల్సిందే. కండక్టర్ హోల్డాన్ అంటాడు, డ్రైవర్ బ్రేకేస్తాడు. ఊరూరా అంతే."

డోరీన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "మరి ఆగిన బస్సు కదలాలంటే మీ కండక్టర్ ఏమంటాడు?"

"ఏముంది, రైట్ ర..."

అక్కడ ఆగిపోయాను. 

తెలుగు బస్సు ఎక్కినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ‘రైట్ రైట్’ అంటే తిన్నగా పోనివ్వమని. పోనిచ్చాక కూడా ‘రైట్, రైట్’ అంటే ఇంకా లాగించమని. డోరీన్‌కు మాత్రం మొత్తం విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నేను చెబుతుంటే ఆవిడ తల నెమ్మదిగా బల్లకు ఆనింది. భుజాలు కదులుతున్నాయి. అన్నేళ్లలో ఆవిడ అంతగా నవ్వడం అప్పుడే చూశాను. తర్వాత హఠాత్తుగా నవ్వు ఆపి, "ఆ అమ్మాయి జాయిన్ కావాల్సింది ఎప్పుడు?" అంది. చెప్పాను. ఇద్దరం కాసేపు కిటికీలోంచి పార్కింగ్‌లో ఉన్న ఆ కారు వైపు చూశాం. రవళి ఇంకా స్టీరింగ్ పట్టుకునే కూర్చుంది.

బయటకొచ్చి మళ్లీ పక్క సీట్లో కూర్చున్నాను.

"రవళీ, మొదటి టెస్టులో స్టాప్ దగ్గర ఆయన ఏ మాటన్నాడో ఒక్కసారి బాగా గుర్తుతెచ్చుకో."

కళ్లు మూసుకుంది. "రైట్ అన్నడు."

"నువ్వు?"

"పోయిన. సీదా పోయిన. ఆయన మళ్ల రైట్, రైట్ అన్నడు, నేను స్పీడ్..." కళ్లు తెరిచింది. రెండు చేతులూ నోటిమీద పెట్టుకుంది. "అయ్యో అంకుల్! ఆయన కుడికి తిప్పమన్నడా!"

ఇంగ్లిష్ రాక కాదు. చదివిందంతా ఇంగ్లిష్‌లోనే, తను పనిచేసే కాఫీ షాపులో రోజంతా మాట్లాడేది ఇంగ్లిష్‌లోనే. కానీ కాళ్లు వణికేటప్పుడు మాట బుర్రదాకా పోదు, చెవిలోంచి నేరుగా కాలికి పోతుంది. ఆ కాలు జగిత్యాల బస్సులో పెరిగింది. నా కాలేమో లారీల్లో పెరిగింది. అందుకే ఆ అమ్మాయి చెప్పినప్పుడు నాకూ తప్పు కనబడలేదు. ఎగ్జామినర్ తప్పేమీ లేదు. నేను తెలుగులో ‘కుడికి’ అంటుంటే దాని చెవికి ఆ ‘రైట్’ ఒక్కసారి కూడా తగల్లేదు, తగిలి ఉంటే మొదటి క్లాసులోనే బయటపడేది.

ఆ అమ్మాయి అప్పటికప్పుడు వాళ్లమ్మకు ఫోన్ చేసింది. ఏడుస్తూ మొదలుపెట్టి నవ్వుతూ చెప్పింది. స్పీకర్‌లోంచి వాళ్లమ్మ గొంతు ఖంగుమంది: "నాదేం తప్పు లేదు సారూ. నేను రైట్ అన్నప్పుడల్లా మా డ్రైవర్ కుడికి తిప్పితే బస్సు చెరువుల పడ్తది."

నోరు మూసుకున్న క్లాసులు

జాయినయ్యే తేదీకి ముందు టెస్టు స్లాట్లేమీ ఖాళీ లేవు. పిల్లల వాట్సాప్ గ్రూపులో సంగతి పెట్టాను. వంశీ ఫోన్ చేశాడు. "అంకుల్, నాకో స్లాట్ ఉందండీ. నాకేం తొందర? నేను క్యాన్సిల్ కొడతా, ఆ అమ్మాయిని అదే నిమిషంలో బుక్ చేసుకోమనండి." వాడు కొట్టాడు, ఈ పిల్ల పట్టుకుంది. వంశీకి మళ్లీ స్లాట్ దొరికేసరికి మంచుకాలం మధ్యలో పడింది. ఒక్కమాట అనలేదు.

డోరీన్ ఒక నిర్ణయం చెప్పింది. ఇకమీదట రవళి పక్క సీట్లో తను కూర్చుంటుంది. నేను వెనక సీట్లో. "ఒక షరతు కోడీ. నువ్వు మాట్లాడకూడదు."

నా బతుకులో అంత కష్టమైన పని చేయలేదు. మస్కట్ ఎండ దీనిముందు తేలిక.

డోరీన్ ‘రైట్’ అనేది. రవళి తిప్పేముందు బయటికి "టర్నింగ్ రైట్" అని తిరిగి చెప్పాలి. ‘లెఫ్ట్’ అంటే "టర్నింగ్ లెఫ్ట్". దారి చెప్పకపోతే "గోయింగ్ స్ట్రెయిట్". చెవికీ కాలికీ మధ్యలో నోటిని అడ్డంపెట్టడం అన్నమాట. నోరు పలికేలోపు బుర్ర వచ్చి చేరుతుంది. మొదట్లో రవళి "టర్నింగ్ రైట్" అంటూనే తిన్నగా పోయింది. తర్వాత తర్వాత తిరిగింది.

హోల్డాన్ పాఠం వేరే. డోరీన్ దగ్గుతూ హోల్డాన్ అనేది, సంచిలో ఏదో వెతుకుతూ హోల్డాన్ అనేది, గుసగుసగా అనేది, అరిచేది. కారు మాత్రం పోతూనే ఉండాలి. రవళి పళ్లు బిగపట్టి పోనిచ్చేది. వెనక సీట్లో నా కాలు మాత్రం ప్రతి హోల్డాన్‌కీ ముందు సీటును తన్నేది. డోరీన్ వెనక్కి తిరిగి అడిగింది: "ఈ క్లాసు ఇద్దరిలో ఎవరికి?"

టెస్టురోజు ఆ ఏటి మొదటి మంచు పలచగా పడింది. అదే పొడుగాటి ఎగ్జామినర్. కారు వెళ్లిపోయింది. నేను ఆఫీసులో కుర్చీలో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాను. డోరీన్ టీ ఇచ్చింది.  ఈసారి కారు త్వరగా రాలేదు. త్వరగా రాకపోతే మంచిదే. కానీ మంచు పడుతుంటే మంచిదనిపించదు.

వచ్చింది. గీతల మధ్య చక్కగా ఆగింది. ఇద్దరం బయటకు వచ్చాం. ఎగ్జామినర్ దిగి, మా దగ్గర ఆగి, ఎప్పటిలా పొడిగా అన్నాడు: "ఆ అమ్మాయి నేను చెప్పినదంతా తిరిగి నాకే చెప్పింది. టెస్టంతా నన్ను నేనే విన్నాను. పర్వాలేదు, బాగానే మాట్లాడతాను." లోపలికి వెళ్లిపోయాడు.

రవళి దిగలేదు. నేనే వెళ్లి తలుపు తీశాను.

"నడుమల హోల్డాన్ అన్నడు అంకుల్. పెన్ను కింద పడ్డదట."

"నువ్వు?"

"నా కాలు బ్రేకు మీదికి పోయింది. నొక్కలే. గోయింగ్ స్ట్రెయిట్ అని చెప్పి, సీదా పోయిన." అప్పుడు ఏడ్చింది. ఫెయిలైనప్పుడు రాని కన్నీళ్లన్నీ అప్పుడే వచ్చాయి. డోరీన్ వచ్చి వంగి దాని తలమీద చెయ్యిపెట్టింది. నేను జోకు వేద్దామనుకుని జేబురుమాలు ఇచ్చాను. 

వారానికే అది ఆ చిన్న ఊరికి వెళ్లి జాయినైంది.

దారి, ధైర్యం

ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ తర్వాత నేను నేర్పే పద్ధతి మారింది. దారి ఇంగ్లిష్‌లో చెప్పాను. ధైర్యం తెలుగులో చెప్పాను. మీరూ అలాగే చేయండి. పిల్లలు తెలుగు కావాలంటారు, తెలుగైతే సుఖంగా ఉంటుందంటారు. సుఖంగా ఉన్నచోట తప్పులు కనబడవు. ప్రతి దారినీ పిల్లల చేత పైకి తిరిగి చెప్పించండి. డోరీన్ అది అందరికీ పాఠం చేసింది. పంజాబీ పిల్లలకు, నైజీరియా పిల్లలకు, ఇక్కడే పుట్టి ‘రైట్’ అంటే ఎడమకు తిరిగే పిల్లలకు కూడా పనికొచ్చింది.

ఫెయిలైన పిల్లల భయాన్ని వ్యాపారం చేసుకోకండి. "నీకు ఇంకా చాలా క్లాసులు కావాలి" అనడం తేలిక. ఎందుకు ఫెయిలయ్యారో కనుక్కోవడం కష్టం. రెండోదానికే మనల్ని సార్ అంటారు. బాస్ చెప్పింది ఒకటికి రెండుసార్లు వినండి. ముఖ్యంగా, మాట తక్కువ బాస్ చెప్పింది.

నాకు ఈ పని ఇచ్చినదాన్ని నేను తూకం వేయలేను. గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లిందీ, మళ్లీ ఇంటికి తెచ్చిందీ నా దగ్గర నేర్చుకున్న పిల్లలే. కుట్ల నొప్పితో వెనక సీట్లో పడుకుని కూడా మెడ తిప్పారా లేదా అని చూశాను. తిప్పారు. అందరూ తిప్పారు. ఆ రోజు నాకు అంతకంటే మందు అక్కర్లేకపోయింది. చదువుకోని నన్ను ఈ దేశంలో ఇంతమంది చదువుకున్న పిల్లల మధ్య కూర్చోబెట్టిన డోరీన్‌కు, ఆ సర్దార్జీకి, తన స్లాట్ వదులుకున్న వంశీకి దండం పెట్టుకుంటాను. కూర్చునే పెడతాను, మర్యాద అదే కదా.

నేను రిటైరైన రోజున డోరీన్ ఆఫీసులోనే చిన్న విందు పెట్టింది. తలా ఒక వంట తెచ్చారు. కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లు వరసగా నిలబడ్డారు. రవళి షిఫ్టు ముగించుకుని, యూనిఫామ్ మార్చకుండానే, మంచులో అంత దూరం తన కారు తనే నడుపుకుంటూ వచ్చింది. దానికి పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేసింది. వచ్చే ఎండాకాలం వాళ్లమ్మ కూడా చూడటానికి వస్తోందట.

నాకు మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు కదా, అందుకున్నాను. చివర్లో రవళి భుజంమీద చెయ్యివేసి కొత్తవాళ్ల వైపు తిప్పి గొప్పగా అన్నాను: "ఇదిగో, నా శిష్యురాలు. నా చేతిలో పడకపోయి ఉంటే ఈ పిల్ల ఏమయ్యేదో దాన్నే అడగండి."

రవళి ప్లేటులో గారె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అందరికీ వినబడేలా చెప్పింది:

"మీ చేతిల పడకపోతే ఫస్ట్‌సారే పాసయ్యేదాన్ని అంకుల్."